నగల ముచ్చట్లు: ఇసుకలో పుట్టిన నీలిపూస

నగ అనగానే మనకు ముందు బంగారమే గుర్తొస్తుంది కదూ! ప్రాచీన ఈజిప్టులో మాత్రం రాజుగారింట్లోనూ, కూలివాడి ఇల్లాలి మెడలోనూ కూడా మెరిసిన నగ ఒకటుంది. అదే ఫయాన్స్ పూస. నీలం, ఆకుపచ్చ కలిసిన రంగులో నిగనిగలాడుతూ ఉంటుంది.

ఆ రంగు అసలు ఫిరోజా రాయిది. సినాయి కొండల్లోని గనుల నుంచి తెచ్చిన ఆ రాయిని కొనడం అందరి తరమూ కాదు. అందుకే అక్కడి పనివాళ్లు 5500 ఏళ్ల కిందటే ఓ ఉపాయం కనిపెట్టారు. దినుసులు చాలా మామూలువి. మెత్తగా నూరిన పలుగురాతి పొడి లేదా ఇసుక, కాస్త సున్నం, సోడా ఉప్పు, చిటికెడు రాగి పొడి. నీళ్లతో ముద్ద చేసి, అచ్చులో అదిమి ఆరబెడితే, చెమ్మగోడకు ఉప్పు పూసినట్టు లోపలి ఉప్పు పైకి తేలుతుంది. బట్టీలో సుమారు 900 డిగ్రీల వేడికి అదే కరిగి గాజుపొర అవుతుంది. మన ఊరగాయ జాడీకి మెరుగు పైన పూస్తారు. దీనికి లోపలి నుంచే వస్తుంది! అందుకే వాళ్లు దీన్ని ‘చెహెనెత్’, అంటే ‘మెరిసేది’ అన్నారు.

అమర్నాలో 1891-92లో ఫ్లిండర్స్ పెట్రీ తవ్వకాలు జరిపితే మట్టి అచ్చులు వేలకొద్దీ బయటపడ్డాయి. ద్రాక్షగుత్తులు, ఖర్జూరాలు, తామర రేకులు... వాటిని వరసలుగా గుచ్చితే మెడనిండా హారమే. 1922లో బయటపడిన తూతన్‌ఖామున్ సమాధిలో బంగారంతోపాటు ఫయాన్స్ హారాలూ ఉన్నాయి.

అయితే ఆడవాళ్లు ప్రాణంగా చూసుకున్నవి తాయెత్తులు. కాన్పంటే ఆడదానికి మరుజన్మ అంటాం కదా, వైద్యం అంతంతమాత్రమైన ఆ కాలంలో అది అక్షరాలా నిజం. అందుకే గర్భిణులు తవెరెత్ దేవత బొమ్మ కట్టుకునేవారు. నీటిగుర్రం ఒళ్లు, సింహం పాదాలు, నిండుచూలాలి పొట్ట ఆవిడ రూపం. పసిపిల్లల కాపలాకు నాలుక చాపి భయపెట్టే మరుగుజ్జు దేవుడు బేస్. ఇక హోరస్ కన్ను, దెబ్బతిని మళ్లీ నయమైన కన్ను. బతికున్నవాళ్లకూ కట్టేవారు, చనిపోయినవాళ్ల ఒంటిమీదా ఉంచేవారు.

ఎప్పుడైనా ఈజిప్టు వస్తువులున్న మ్యూజియానికి వెళితే, బంగారం దగ్గరే ఆగిపోకండి. పక్క అద్దాల బీరువాలో బొటనవేలంత నీలి తవెరెత్ ఉంటుందేమో వెతకండి. దాని విలువ గుప్పెడు ఇసుక, చిటికెడు రాగి. కానీ నెలలు నిండుతున్నకొద్దీ ఏ ఇల్లాలు దాన్ని ఎన్నిసార్లు తడిమి చూసుకుందో!