తెర వెనుక తీగలు

'మూగమనసులు' (1964) తెరనిండా గోదారే! పాటలు మాత్రం మద్రాసులో రికార్డయ్యాయి. ఇవాళ రాజమండ్రి కుర్రకారు ఇంట్లోనే రికార్డింగు పెట్టేస్తున్నారు. భేష్! మరి పాట వెనకాల ఆ గుయ్యిమనే రొదేమిటి గురూ?

మిక్సరు వెనక్కి తిప్పి చూడండి. లైన్ అవుట్‌ని రికార్డరు మైకు ఇన్‌పుట్‌లో గుచ్చారో, గొంతు పగిలిపోతుంది. మైకు నుంచి వచ్చేది మిల్లీవోల్టులు, లైనుది వోల్టు చిల్లర! లైన్ అవుట్‌ని లైన్ ఇన్‌కే ఇవ్వాలి. అదీ మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ తీగతో. ఒకటో పిన్ను ఎర్తు, రెండోదాంట్లో పాట, మూడోదాంట్లో అదే పాట తలకిందులుగా. దారిలో చొరబడ్డ 50 హెర్ట్జ్ కరెంటు రొద రెండింట్లోనూ ఒకేలా ఉంటుంది గనక అవతలి పెట్టెలో చెల్లుకి చెల్లు.

అయినా రొద పోలేదా? రెండు పెట్టెలకీ ఒకే బోర్డు నుంచి కరెంటివ్వండి. అంతేగాని ప్లగ్గులో ఎర్తు పిన్ను పీకకండి బాబూ, పాడే పిల్ల మైకు పట్టుకుంటుంది!