ఆ క్రియకి కర్త ఎవరు?



భద్రాచలంలో డిగ్రీ చదివే చెల్లెలు ఒకామె అడిగింది: "అన్నా, పోర్‌ట్రే అంటే చిత్రించడమేనా?"

డిక్షనరీలో అంతే. కానీ 'చిత్రీకరించారు' అన్న మాట మనం ఎక్కడెక్కడ వింటాం? సినిమా షూటింగు దగ్గర. ఇంకా, "మావాణ్ణి దొంగగా చిత్రీకరించారు సార్" అని మన వాడల తల్లులు పోలీస్ స్టేషన్ ముందు ఏడ్చే చోట. ఇంగ్లీషులోనూ ఈ క్రియ పక్కన 'యాజ్' వచ్చి కూర్చుంటే జాగ్రత్త పడాలి. ఆ 'యాజ్' తర్వాతి మాటని ఎంచుకునేది బొమ్మ గీసేవాడు. బొమ్మలో ఉన్నోణ్ణి ఎవరూ అడగరు.

2022లో వచ్చిన ఆర్ఆర్ఆర్ చూడండి. చివర్లో భీమ్ రామరాజుని అడిగేది చదువు. జెండా మీద 'జల్, జంగల్, జమీన్' రాసేది రామరాజు. కల్పనే, ఒప్పుకుందాం. (నేనూ థియేటర్లో ఈల వేసినోణ్ణే.) కానీ ఆ నినాదం 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగిన కొమురం భీముది. ఆయన చదవడం, రాయడం నేర్చాడనే ఆయన జీవితం రాసినవాళ్లు చెప్తారు. మరి కల్పనలో కలం రాజుగారి చేతికే ఎందుకు పోయింది?

మన అడవిలోనే ఇంకో పద్ధతి ఉంది. అదే ఏడాది పద్మశ్రీ వచ్చిన సకిని రామచంద్రయ్య తాతది మణుగూరు దగ్గరి కూనవరం. డోలి వాయిస్తూ సమ్మక్క కథ పాడేవాడు. కథ కోయలది, గొంతూ కోయదే. దాన్ని నేను 'పోర్‌ట్రే' అనలేను.

చెల్లీ, పరీక్షలో మాత్రం 'చిత్రించడం' అనే రాయి. మార్కులు పోగొట్టుకోకు.