చామనచాయకు వెల యెంత?

పిల్లకు సంబంధము వచ్చినచో మన యిండ్లలో మొదటి ప్రశ్న చాయను గూర్చియే. ఆ చామనచాయ కొరకే పాశ్చాత్య దేశములలో తెల్లనివారు ఇంటిలో లేపనము పూసికొనుచున్నారు. క్రొత్తగా పూసికొనువారు ఒడలు రుద్ది స్నానము చేసి, మోచేతులపై, మోకాళ్లపై పలుచగా రాచి, వెంటనే అరచేతులు కడుగుకొనవలయును. లేనిచో మచ్చలు పడును. అందలి డైహైడ్రాక్సీ అసిటోన్ పైచర్మపు మృతకణములకు వన్నె నిచ్చును. వారము దినములలో ఆ వన్నె వాటితోనే రాలిపోవును.

మనవారు తెలుపు కొరకు కొను క్రీములలో కొన్ని అంత సులువుగా విడువవు. 2023లో కేరళలోని మలప్పురము జిల్లాలో అట్టివి వాడినవారికి మూత్రపిండముల వ్యాధి వచ్చినట్లు వైద్యులు గుర్తించిరి. ఆ క్రీములలో పాదరసము బయటపడినది.

నేనును వర్తకుడనే. తయారుచేసినవారి చిరునామా లేని తెలుపు క్రీములను ఇకపై నా అంగడిలో ఉంచను. కైవార సోదరులారా, సంబంధము మాటలాడునపుడు చాయ మాట మీరును విడువుడు.