కింది నుంచి వచ్చే వరద

వాన వెలిసి వారం దాటుతుంది. వీధిలో దుమ్ము లేస్తుంటుంది. సెల్లార్‌లో మాత్రం మోకాలిలోతు నీళ్లు. సాయంత్రం మోటారు పెట్టి తోడేస్తే తెల్లారేసరికి మళ్లీ అంతే. ఏటా ఇదే తంతు అయితే ఆ ఇంటివారు పోరాడుతున్నది వానతో కాదు, భూగర్భ జలంతో.

సూరత్‌ లాంటి ఊళ్లో ఇందులో వింత లేదు. తపతి నది తెచ్చిపోసిన ఒండ్రు మట్టి మీద నిలబడ్డ నగరమది. సముద్రపు పోటు నది వెంట నగరం దాకా వస్తుంది. దాన్ని అడ్డుకుని మంచినీటిని నిలపడానికి సింగణ్‌పోర్, రాందేర్‌ల మధ్య 1995లో కాజ్‌వేతో కూడిన ఆనకట్ట కట్టారు. నగరం దాహం తీరింది. కానీ నది నిండుగా ఉంటే ఒడ్డున ఉన్న నేలలో ఊట కూడా పైకొస్తుంది. ఆ ఊట మట్టం కంటే లోతుగా సెల్లార్ తవ్వితే అది ఇంటి కింద బావి తవ్వుకున్నట్టే.

2006 ఆగస్టులో ఉకాయ్ డ్యామ్ నుంచి సుమారు 9 లక్షల క్యూసెక్కులు వదిలినప్పుడు సూరత్‌లో చాలా భాగం మునిగింది. లింబాయత్‌లో మీఠీ ఖాడీ పొంగితే నీళ్లు నేరుగా ఇళ్లలోకి వస్తాయి. ఆ వరదలు గుమ్మంలోంచి వస్తాయి, తీస్తే పోతాయి. ఊట నీరు అలా రాదు. గోడ, గచ్చు కలిసే చోట సన్నగా మొదలై, చప్పుడు లేకుండా పెరుగుతుంది.

అందుకే ముందు అది ఏ నీరో తేల్చుకోవాలి. ఇంటికొచ్చే పైపు వాల్వు ఒక రోజంతా కట్టేసి చూడాలి. ఊట తగ్గితే పైపు లీకేజీ. కంపు కొడితే డ్రైనేజీ. తేటగా, కాస్త ఉప్పగా ఉండి, వానలు ఆగిన చాలా రోజులకు గానీ తగ్గకపోతే అది నేలలోని నీరే. పక్కింటి బోరులో నీటిమట్టం తెలిస్తే సందేహమే ఉండదు.

ఈ పని చేయకుండానే చాలామంది లోపలి గోడలకు వాటర్‌ఫ్రూఫింగ్ పూత వేయిస్తారు. మేస్త్రీకి కూలి, కంపెనీకి లాభం. బయట నీరు గచ్చుకన్నా ఒక మీటరు ఎత్తున ఉంటే ప్రతి చదరపు మీటరుకు టన్ను చొప్పున కింది నుంచి పైకి తోస్తుంది. వంద చదరపు మీటర్ల సెల్లార్‌కు వంద టన్నులు! లోపలి నుంచి అంటించిన పూత దాని ముందు ఎన్నాళ్లు నిలుస్తుంది? పూత వేయాల్సింది నీరు తాకే వైపు, అంటే బయట, గోడ పక్కన మట్టి పూడ్చకముందే. కట్టేసిన ఇంటికి ఆ అవకాశం ఉండదు.

అలాంటి ఇంటికి మిగిలేది నీటితో రాజీ. గచ్చు చుట్టూ అంచున కాలువ తీసి, కంకర నింపి, నీటినంతా ఒక సంప్‌లోకి మళ్లించాలి. సంప్‌లో ఒకటి కాదు, రెండు మోటార్లు ఉండాలి. నీరు పెరగగానే వాటంతటవే నడిచేలా ఫ్లోట్ స్విచ్ కావాలి. కరెంటు పోయేది సరిగ్గా వానరోజే కాబట్టి జనరేటరో ఇన్వర్టరో పై అంతస్తులో పెట్టుకోవాలి. తోడిన నీటిని పెరట్లోనే వదిలితే అదే నీరు చుట్టూ తిరిగి మళ్లీ లోపలికి వస్తుంది. డ్రైనేజీలో వదిలే ముందు మునిసిపాలిటీ అనుమతి తీసుకుని, వెనక్కి తన్నకుండా వాల్వు బిగించాలి.

ఒక్క జాగ్రత్త. తోడే నీళ్లు ఇసుకతో, బురదతో వస్తుంటే మోటారు ఆపేయాలి. పునాది కింది మట్టి జారిపోతోందన్నమాట. ఇంజనీరును పిలవాల్సిన సమయమది.

ఇంకో ప్రమాదం కరెంటు. 2020 అక్టోబర్ వానల్లో హైదరాబాద్ అపార్ట్‌మెంట్ల సెల్లార్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. మన బిల్డర్లు మీటర్లు, ప్యానెల్ బోర్డులు పెట్టేది తరచూ అక్కడే. మెయిన్ కట్టేశారని తెలిసే దాకా ఆ నీళ్లలో ఎవరూ దిగకూడదు, వాచ్‌మన్‌ను దించకూడదు.

గుజరాత్ పాత ఇళ్లలో నేల కింద టాంకాలు తవ్వింది వాన నీరు దాచుకోవడానికి. ఇప్పుడు కార్లు దాచుకోవడానికి తవ్వి, నీరు రాకూడదంటున్నారు. నీటిమట్టం మరీ పైన ఉన్న చోట గచ్చును ఎత్తు చేసుకోవడమో, సెల్లార్‌ను పూడ్చేసుకోవడమో నయం. చదరపు అడుగు ధర చూసి ఎవరూ ఒప్పుకోరనుకోండి.

ఏది చేసినా ముందు ఒక వానాకాలం పాటు గోడ మీద సుద్దముక్కతో నీటి ఎత్తు, తేదీ గుర్తు పెట్టాలి. సంప్ ఎంత లోతుండాలో, మోటారు ఎంత పెద్దదవ్వాలో ఇంజనీరు ఆ గీతలు చూసే చెప్పగలడు.