సంచిలో రెండు తూకపురాళ్లు

2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో డయేరియా ప్రబలి ప్రాణాలు పోయాయి. తాగునీరు ఎక్కడ కలుషితమైందన్నది అప్పుడు అందరూ అడగవలసిన మొదటి ప్రశ్న. కానీ రాజకీయ నాయకుల మధ్య చనిపోయింది ఎందరన్న వాదమే పెద్దదైంది. ప్రతిపక్షం ఒక సంఖ్య చెప్పింది, ప్రభుత్వం వైపు నుంచి మరొకటి వచ్చింది. బిడ్డలను, పెద్దలను పోగొట్టుకున్న ఇళ్ల దుఃఖం ఆ రెండు లెక్కల మధ్య నలిగింది.

ఇది కొత్తగా వచ్చిన అలవాటు కాదు. కరోనా కాలాన్ని గుర్తుచేసుకోండి. 2020 మార్చి 15న ఆంధ్రప్రదేశ్ ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేశ్ కుమార్ కరోనా కారణంగా స్థానిక ఎన్నికలను ఆరు వారాలు వాయిదా వేశారు. అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి అది పక్షపాతమని తీవ్రంగా తప్పుపట్టారు. ప్రతిపక్షంలో ఉన్న తెలుగుదేశం వాయిదాను సమర్థించింది. పది నెలలు తిరిగాయి. 2021 జనవరిలో అదే కమిషనర్ పంచాయతీ ఎన్నికలకు షెడ్యూలు ప్రకటించారు. ఈసారి కరోనా ఉంది, టీకాలు వేయాలి, ఎన్నికలు వద్దన్నది ప్రభుత్వం. జరపవలసిందేనన్నది తెలుగుదేశం. చివరికి సుప్రీంకోర్టు దాకా వెళ్లాక ఫిబ్రవరిలో నాలుగు విడతలుగా ఎన్నికలు జరిగాయి.

పరిస్థితి మారినప్పుడు అభిప్రాయం మారడం తప్పు కాదు. కానీ ఇరుపక్షాలూ ఒకరి మాట ఒకరు తీసుకుని మాట్లాడాయంటే, ఆ వాదనల్లో ప్రజల ఆరోగ్యం ఎంత, పార్టీ లాభం ఎంత అని మనం అడగాలి.

కేసుల లెక్కల విషయమూ అంతే. 2020 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఆంధ్రప్రదేశ్‌లో రోజుకు 10,000 వరకు కేసులు నమోదయ్యాయి. ఇది చేతగానితనమని ఒకరు, పరీక్షలు ఎక్కువగా చేస్తున్నాం కాబట్టే బయటపడుతున్నాయని మరొకరు అన్నారు. తెలంగాణలో కేసులు తక్కువగా కనబడ్డాయి గాని, పరీక్షలు చాలడం లేదని అక్కడి హైకోర్టు ప్రభుత్వాన్ని పలుమార్లు మందలించింది. వెదకనిచోట రోగం కనబడదు. అలాగని కేసులు పెరగడమంతా పరీక్షల వల్లనే అనడమూ సరికాదు. పరీక్ష చేయించుకున్న ప్రతి నూరుమందిలో ఎందరికి సోకిందో చూస్తేనే నిజం కొంత తెలుస్తుంది. ఆ సంఖ్య నినాదాలకు పనికిరాదు గనుక దానిని చెప్పినవారు తక్కువ.

ఈ వాదులాటలో నష్టపోయింది ఎవరు? కోవిడ్ మృతుల కుటుంబాలకు 50,000 రూపాయల సాయం 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆమోదంతో ఖరారైంది. కొద్ది నెలల్లోనే తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ వచ్చిన దరఖాస్తులు అధికారిక మృతుల సంఖ్యను మించిపోయాయి. అప్పుడు ఆ రెండు రాష్ట్రాలను ఏలుతున్నవి వేర్వేరు పార్టీలు. లెక్క తగ్గడం మాత్రం రెండుచోట్లా ఉంది. దేశం మొత్తంమీద 2020లో సుమారు 81 లక్షల మరణాలు నమోదు కాగా, 2021లో ఆ సంఖ్య ఒక కోటి 2 లక్షలు దాటింది. పెరిగినవన్నీ కోవిడ్ మరణాలని చెప్పలేం, నమోదు మెరుగుపడడం కూడా కొంత కారణం కావచ్చు. అయితే ఈ వివరాలు ప్రజల ముందుకు వచ్చింది 2025 మే నెలలో! ఎక్కడ ఎందరు పోయారో సకాలంలో తెలియకపోతే, ఎక్కడ పడకలు చాలలేదో, ఎక్కడ ఆక్సిజన్ అందలేదో ఎలా సరిదిద్దుకుంటాం?

కొనడానికొక రాయి, అమ్మడానికొక రాయి సంచిలో దాచుకోవద్దని ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయము హెచ్చరిస్తుంది. అది వ్యాపారులకు మాత్రమే చెప్పిన మాట అనుకోవద్దు. మనకు నచ్చిన పార్టీ ఏలుబడిలో జరిగితే 'ఏం చేస్తారు, రోగం కదా' అనీ, నచ్చని పార్టీ అయితే 'చంపేశారు' అనీ అనేవారు మన సంఘాల్లోనూ ఉన్నారు. సంఘం వాట్సాప్ గ్రూపుల్లో ఆ సందేశాలను పంపుతున్నదీ మనమే.

ప్రియ విశ్వాసులారా, ఒక సందేశం ముందుకు పంపేముందు, అవతలి పార్టీ అధికారంలో ఉంటే ఇదే మాట అంటానా అని ఎవరికి వారు ప్రశ్నించుకుందాం. మన ఊరిలో జ్వరాలో విరేచనాలో మొదలైతే, నీటిని పరీక్షించారా, ఫలితం ఏమిటి, వైద్య శిబిరం ఎప్పుడు పెడతారు అని ఎవరి ప్రభుత్వమైనా అడుగుదాం. ఏలుబడిలో ఉన్నవారి కోసం, వారు ఏ పార్టీవారైనా, ప్రార్థిద్దాం. సంఘంలో ఎవరైనా ఆప్తులను పోగొట్టుకుంటే ఆదరించడంతో సరిపెట్టక, ఆ మరణం నమోదైందో లేదో, ధ్రువపత్రంలో కారణం సరిగా రాశారో లేదో చూసి, అవసరమైతే ఆ కుటుంబంతో కలిసి కార్యాలయానికి వెళదాం.