చెంచాకు నునుపు, బిడ్డకు నడత

ఉదయగిరి కొయ్య చెంచాలకు భౌగోళిక గుర్తింపు ఊరికే రాలేదు. చుట్టుపక్కల కొండల్లో దొరికే నర్ది, బిక్కి కర్రను చెక్కి, ఆకురాయితో అరగదీసి, పదేపదే రుద్దితే గానీ ఆ నునుపు రాదు. ఒక్క వేటుతో ముగించాలనుకుంటే కర్ర చీలుతుంది. పిల్లల నడతా అంతే. తిన్న పళ్లెం తానే కడగడం, తాగాక కుళాయి కట్టేయడం, తీసుకున్న వస్తువును చెప్పిన వేళకు తిరిగివ్వడం, ఇలా రోజూ చేసే పనులే గుణాన్ని తీరుస్తాయి. వానకోసం ఆకాశం వైపు చూసే ఈ మెట్ట ఊళ్లలో కుళాయి కట్టేయడం చిన్న పనేమీ కాదు. తన వెనక బిందె పట్టుకుని నిలబడే మనిషి ఒకరున్నారని బిడ్డకు తెలియడమే అందులోని నీతి.

నీతి పాఠాలు చాలవా అని అడిగేవారున్నారు. విద్యార్థులకు నైతిక విలువలు చెప్పించాలని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 నవంబరులో ప్రవచనకర్త చాగంటి కోటేశ్వరరావును సలహాదారుగా నియమించింది. మంచి మాట చెవిన పడటం మేలే. పాఠానికి ఎంత బలం ఉంటుందో మన నెల్లూరు జిల్లాకు తెలుసు. అక్షరాస్యత కేంద్రాల్లో సారా గురించి చదువుకున్న దూబగుంట మహిళలు 1992లో ఊళ్లోకి సారా రానివ్వలేదు. ఆ కదలిక రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం అమల్లోకి వచ్చింది. అయితే వాళ్లు పాఠాన్ని వల్లించి ఊరుకోలేదు, కలిసికట్టుగా ఆచరణలో పెట్టారు. అందుకే అది ఫలించింది. బడిలోనైనా ఇంట్లోనైనా ఆచరణకు చోటు లేని పాఠం పరీక్షతోనే ముగిసిపోతుంది.

దెబ్బ లేనిదే క్రమశిక్షణ రాదన్నది ఇంకో వాదన. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. ఆ చట్టం 2010 నుంచి అమల్లో ఉంది. దాంతో గురువుల చేతులు కట్టేసినట్టయిందని బాధపడేవారి ఆందోళనను కొట్టిపారేయలేం. హద్దులు లేకుండా పెరిగిన పిల్లవాడు తానూ సుఖపడడు, పదిమందినీ సుఖపడనివ్వడు. కానీ బెత్తం చూసి ఆగిన చెయ్యి బెత్తం కనబడనప్పుడు ఆగదు. చిందరవందర చేసినవాడితోనే సర్దించడం, పాడుచేసినవాడితోనే బాగుచేయించడం, అన్నమాటను ప్రతిసారీ నిలబెట్టుకోవడం కూడా హద్దులే. వీటికి కోపం అక్కర్లేదు, పట్టుదల కావాలి.

పొద్దున్నే కూలికి పోయే తల్లిదండ్రులకు ఇంత తీరిక ఎక్కడిదన్న ప్రశ్న న్యాయమైనదే. వేరే వేళ కేటాయించమని ఎవరూ అడగడం లేదు. ఎలాగూ చేసే పనుల్లో బిడ్డను కలుపుకోవడమే కావలసింది. ఉదాహరణకు, అనుమసముద్రంపేట దర్గాకు మతభేదం లేకుండా జనం వస్తారు. అక్కడ తల్లి తన వంతు వచ్చేదాకా ఆగితే, ఆమె వేలు పట్టుకున్న బిడ్డ ఓర్పు నేర్చుకుంటుంది. తండ్రి పదిమందిని తోసుకుని ముందుకు దూరితే అదీ నేర్చుకుంటుంది. పిల్లల క్రమశిక్షణ గురించి మాట్లాడే ముందు పెద్దలం మన వంతు కోసం ఆగడం నేర్చుకోవాలి.