కొలిచే సాధనాన్ని కొలిచేదెవరు?

2013 డిసెంబరు 31న రాయచూరు-షోలాపూర్ 765 కిలోవోల్టుల లైను ద్వారా దక్షిణాది గ్రిడ్ మిగతా దేశపు గ్రిడ్‌తో అనుసంధానమైంది. అప్పటి నుంచి దేశమంతటా విద్యుత్తు ఒకే పౌనఃపున్యంతో ప్రవహిస్తోంది. భేరామారా మీదుగా బంగ్లాదేశ్‌కు, ధల్కేబర్ మీదుగా నేపాల్‌కు కూడా మన లైన్లు సాగాయి. 2024 నవంబరులో నేపాల్ విద్యుత్తు 40 మెగావాట్ల మేరకు మన గ్రిడ్ గుండా బంగ్లాదేశ్ చేరింది. ఇన్ని చేతులు మారే ఈ సరుకుకు తూకం వేసేది లైను చివర ఉండే కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్, దానికి తగిలించిన మీటరు మాత్రమే. ఇప్పుడు ఆ తూకపు రాయే మారుతోంది. కొత్త రాయిని ఎవరు, ఏ విధంగా సరిచూడాలన్న ప్రశ్న ఇంజనీర్ల గోష్ఠులకే పరిమితం కాదగినది కాదు.

పాత ట్రాన్స్‌ఫార్మర్‌లో ఇనుప కోర్, రాగి చుట్టలు ఉంటాయి. అధిక వోల్టేజీ వద్ద వాడే వాటిలో చమురు కూడా ఉంటుంది. లైనులో లోపం తలెత్తి ప్రవాహం హఠాత్తుగా పెరిగినప్పుడు కోర్ సంతృప్తమై కొలత తప్పుతుంది. లోపల ఇన్సులేషన్ దెబ్బతింటే ఆ పరికరం పేలిపోయే ప్రమాదమూ ఉంది. ఏకముఖ విద్యుత్తును అది అసలే కొలవలేదు. ఈ ఇబ్బందులకు పరిష్కారంగా ఆప్టికల్ ఫైబర్ సెన్సర్ వచ్చింది. అయస్కాంత క్షేత్రం కాంతి ధ్రువణ తలాన్ని తిప్పుతుందని 1845లో మైకేల్ ఫారడే కనుగొన్నారు. వాహకం చుట్టూ గాజు తంతువును చుట్టి అందులో కాంతిని పంపి, ఆ తలం ఎంత తిరిగిందో లెక్కిస్తే ప్రవాహం తెలుస్తుంది. ఇందులో చమురు లేదు, ఇనుము లేదు, పేలుడు భయమూ లేదు. డిజిటల్ సబ్‌స్టేషన్‌కు ఇది సహజంగా అమరుతుంది.

అయితే భ్రమణం ఎంతన్నది ప్రవాహం ఒక్కదానిపైనే ఆధారపడదు. గాజు స్వభావాన్ని సూచించే వెర్డెట్ స్థిరాంకం పేరుకే స్థిరం. సిలికా గాజులో అది డిగ్రీ సెల్సియస్‌కు సుమారు లక్షకు 7 వంతుల చొప్పున మారుతుంది. శీతకాలపు వేకువకూ ఎండాకాలపు మధ్యాహ్నానికీ మధ్య 50 డిగ్రీల తేడా ఉంటే, ఆ ఒక్క కారణంగానే కొలతలో 0.35 శాతం దోషం వస్తుంది. కాంతి తరంగదైర్ఘ్యం 0.1 శాతం మారితే మరో 0.2 శాతం తేడా పడుతుంది. తంతువు వంపులు, దానిపై పడే ఒత్తిడి వీటికి అదనం. తయారీదారులు ఈ దోషాలకు దిద్దుబాట్లు చేస్తారన్నది నిజమే. ఆ దిద్దుబాటు సరైనదో కాదో తేల్చేదే క్రమాంకనం.

ఇంత చిన్న భిన్నాలకు ఇంత పట్టింపు ఎందుకని అడగవచ్చు. 400 కిలోవోల్టుల లైనులో 1000 ఆంపియర్లు ప్రవహిస్తే దాదాపు 693 మెగావాట్లు. అందులో 0.2 శాతం దోషమంటే రోజుకు 33 వేల యూనిట్లు, ఏడాదికి 1.21 కోట్ల యూనిట్లు. యూనిట్ 5 రూపాయలనుకుంటే 6 కోట్ల రూపాయలు. ఇది ఒక్క లైను లెక్క. ఇంటర్‌ఫేస్ మీటర్లకు 0.2ఎస్ తరగతి ఉండాలని, వాటికి జతపరిచే ట్రాన్స్‌ఫార్మర్లు కచ్చితత్వంలో అంతకు తీసిపోరాదని 2006 నాటి కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధనలు చెప్పింది ఇందుకే. తూకం ఒకవైపు మొగ్గితే ఆ భారం చివరకు ఏదో ఒక రాష్ట్ర వినియోగదారుల బిల్లులోనే తేలుతుంది.

క్రమాంకనానికి మార్గాలు లేకపోలేదు. సెన్సర్ వలయం గుండా తీగను 100 చుట్లు పోనిచ్చి 10 ఆంపియర్లు పంపితే, 1000 ఆంపియర్లు పంపినట్టే లెక్క. ప్రామాణిక ట్రాన్స్‌ఫార్మర్‌తో పోల్చి దోషాన్ని రాసుకోవచ్చు. ఉష్ణోగ్రతను మార్చుతూ ఇదే పరీక్షను తిరిగి చేయాలి. చిక్కు మరొకచోట ఉంది. కొత్త సెన్సర్ ఇచ్చేది అంకెల వరుస. దానిని పాత పరికరంతో పోల్చాలంటే రెండింటి గడియారాలూ ఏకం కావాలి. 50 హెర్ట్జ్ వద్ద ఒక నిమిషం కోణమంటే ఒక మైక్రోసెకను కూడా కాదు. గడియారం తప్పితే సెన్సర్ నిర్దోషి అయినా దోషిగా కనిపిస్తుంది.

ఫ్యాక్టరీలో ఇచ్చిన ధ్రువపత్రం చాలునని, లైను ఆపి పరీక్షించడం నష్టదాయకమని కొందరు వాదించవచ్చు. లైను ఆపడం ఖర్చుతో కూడినదే, కాదనలేం. కానీ తంతువు వంపు, ఎలక్ట్రానిక్స్ వయసు ఫ్యాక్టరీ గదిలో తెలిసేవి కావు. అమ్మినవాడే తన రాయికి ముద్ర వేసుకోవడాన్ని కిరాణా కొట్టు విషయంలోనే మనం ఒప్పుకోం. తూనికలు కొలతల శాఖ ఉన్నది అందుకే. కోట్ల యూనిట్ల విషయంలో ఎలా ఒప్పుకోగలం?

కాబట్టి చేయవలసినవి మూడు. మొదటిది, సెన్సర్‌ను అమర్చిన చోటనే తొలి పరీక్ష, ఆపై నిర్ణీత గడువుల్లో మలి పరీక్షలు తప్పనిసరి చేయాలి. రెండవది, ఆ పరీక్షల ప్రామాణికత ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల ప్రమాణాల దాకా గొలుసుకట్టుగా నిరూపణ కావాలి. బెంగళూరు కేంద్రంగా 1960 నుంచి పనిచేస్తున్న కేంద్ర విద్యుత్ పరిశోధన సంస్థ వంటి స్వతంత్ర సంస్థలకు ఈ బాధ్యతను అప్పగించవచ్చు. మూడవది, ఫలితాలను లైనుకు రెండు చివరలా ఉన్న రాష్ట్రాలకు, సరిహద్దు లైన్లయితే రెండు దేశాలకు, అందుబాటులో ఉంచాలి.

కొత్త పరికరాన్ని అనుమానించమని చెప్పడం ఈ వాదన ఉద్దేశం కాదు. గ్రిడ్ ఒక్కటైనప్పుడు తూకం కూడా ఒక్కటే కావాలి. ఆ తూకాన్ని ఎవరైనా సరిచూడగలిగినప్పుడే ఇచ్చేవారికీ పుచ్చుకునేవారికీ మధ్య నమ్మకం నిలుస్తుంది.